ఇంటిపన్నుపై ఇల్లాలి అర్జీ



గడచిన మాఘమాసములో ఒకనాటి మధ్యాహ్నము, భోజనములైన పిమ్మట నేను గిన్నెలు కడిగి బోర్లించుచుండగా, మా వీధి చివరియింటి పిన్నిగారు కొంగుచాటున ఒక కాగితము పట్టుకొని వచ్చి, పీటమీద కూర్చుండి, చాలసేపు ఏమియు మాటలాడలేదు. మంచినీళ్లిచ్చితిని. త్రాగి, ఆ కాగితమును నా చేతిలో పెట్టి, "అమ్మాయీ, ఇది చదివి, మిషను అమ్మవలయునో, ఇల్లే అమ్మవలయునో నీవే చెప్పు" అనిరి.

అది ఇంటిపన్ను నోటీసు. క్రిందటి సంవత్సరము వరకు ఆమె చెల్లించుచుండినది 1,104 రూపాయలు. నోటీసులో నున్నది 3,912 రూపాయలు. ఆమెకు భర్త పోయి నాలుగేండ్లయినది. కుమారుడు దూరదేశమున చిన్న ఉద్యోగము చేసికొనుచు, తన సంసారమునకే చాలీచాలక, ఇల్లమ్మి తన వద్దకు వచ్చి యుండుమని ప్రతి ఉత్తరమునను వ్రాయుచున్నాడు. ఈమె కుట్టుమిషను ఒకటి పెట్టుకొని, వీధిలోని ఆడపిల్లలకు రవికలు కుట్టి, తన బియ్యము తాను కొనుక్కొనుచున్నది. ఆ ఇంటిలో నుండి కదలుట ఆమె కిష్టము లేదు.

మేముండునది ఖమ్మము సీమ దాటి భద్రాచలము అడవులకు పోవు దారిలోని ఒక చిన్న పురము. పేరు చెప్పను. కచేరివారిని నిందించుట నా ఉద్దేశము కాదు. అచట పనిచేయువారును మనవంటి సంసారులే. కాని ఆ నోటీసు పట్టుకొని మేము పడిన పాట్లు, నేర్చుకొన్న సంగతులు, ఇల్లు గల ప్రతి స్త్రీకిని పనికివచ్చునని తోచి వ్రాయుచున్నాను.

పన్నులమాట వినగానే మన ప్రాంతపు వారికి జ్ఞప్తికి వచ్చునది రామదాసుగారు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న గోలకొండ నవాబు తానీషా కాలమున పాల్వంచ పరగణాకు తహసీలుదారు. ఆయన పన్నులిచ్చినవాడు కాడు, వసూలు చేసినవాడు. ఆ ధనముతో భద్రాద్రిపై గుడి కట్టించి, లెక్క చెప్పలేక పండ్రెండేండ్లు చెఱసాలలో నుండెనని మన పెద్దలు చెప్పుకొందురు. పుట్టలో నున్న దేవుని మొదట కనుగొని తాటాకు పందిరి వేసినది పోకల దమ్మక్క యను స్త్రీ యని స్థలపురాణము. ఆ పందిరికి పన్ను కట్టుమని ఎవరైన అడిగిరో లేదో కథలో లేదు!

పరిహాసము పక్కకు పెట్టి చూచిన, ఈ అడవి అంచునకు పన్ను హెచ్చింపు తెచ్చిన దుఃఖము చిన్నది కాదు. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1860లో నిజామునుండి ఇంగ్లీషువారి చేతికి పోయి, మొదట మధ్యపరగణాలలో నుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి మండలమున చేర్చబడెను. మధ్యపరగణాల వారి యేలుబడిలో రేకపల్లి కొండవారు పోడు సేద్యమునకు గొడ్డలి యొకంటికి 4 అణాల చొప్పున చెల్లించెడివారు. మద్రాసు ప్రభుత్వమువారు వచ్చి ఆ పన్నును ఇంచుమించు మూడింతలు చేసి, కొన్ని చెట్లు కొట్టరాదని కట్టడి చేసిరి. 1879 మార్చిలో రంపదేశమున చెలరేగిన పితూరీ అదే సంవత్సరము జులైలో రేకపల్లికి వ్యాపించుటకు ఇది ముఖ్యకారణమని ఆనాటి దొరలే వ్రాసికొనిరి. అర్జీ వ్రాయుటకు అక్షరము లేదు. వ్రాసినను వినువాడు లేడు. అట్టివానికి మిగిలినది గొడ్డలియే. రేకపల్లి 2014 నుండి ఆంధ్రప్రదేశమున చేరినది గాని, నాకు మాత్రము అది మన ఊరివలెనే తోచును.

కోస్తా సీమలో చీరాల పేరాల వారి కథ మీలో చాలమంది విన్నదే. 1920 ప్రాంతమున ఆ రెండు గ్రామములను కలిపి పురపాలక సంఘముగా చేయగా, ఏటికి సుమారు 4,000 రూపాయలుండిన పన్ను 40,000 వరకు పెరిగెను. జనులు అర్జీలు పెట్టిరి. చెవిని బెట్టినవారు లేరు. పన్ను కట్టనందుకు చెఱకు పంపబడినవారిలో ఒక స్త్రీయు ఉండెను. తుదకు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై వేలకొలది జనులు పిల్లలతో, పశువులతో ఊరు విడిచి, వెలుపల పాకలు వేసికొని పదునొకండు నెలలుండిరి. ఆ పాకలలో వానకు తడిసిన పొయ్యిలు రాజేసినది, పురుళ్లు పోసినది స్త్రీలే కదా! వారి పేళ్లు ఏ చరిత్రలోను చాలవరకు లేవు.

మన పిన్నిగారు ఊరు విడువనక్కరలేదని నాకు తోచెను. కాలము మారినది, అర్జీ పెట్టు హక్కు చట్టములోనే ఉన్నది. కాని ఆమె కదియే భయము.

"అర్జీ పెట్టినచో ఇంటికి వచ్చి మఱింత చూతురు. దస్తావేజేదని అడుగుదురు. ఉన్న ఇల్లూ పోవును" అని ఆమె వాదము.

ఇచట మన ప్రాంతపు చిక్కొకటి ఉన్నది. బయటి జిల్లాల పాఠకురాండ్రకు చెప్పవలయును. ఈ అడవి సరిహద్దులో చాలభాగము షెడ్యూల్డు ప్రాంతము. గిరిజనుల భూమి పరుల పాలు కాకుండుటకై 1959లో ఒక రెగ్యులేషను చేసి, 1963లో దానిని తెలంగాణమునకును వర్తింపజేసి, 1970లో మఱింత కట్టుదిట్టము చేసిరి. గిరిజనేతరులకు స్థలము చేతులు మార్చుట చెల్లదు. ఆ శాసనము న్యాయమైనదే. అది లేనిచో కోయవారికి నిలువ నీడ యుండెడిది కాదు. అయితే దాని ఫలముగా, ఏండ్ల తరబడి కాపురమున్న యిండ్లలో చాలవాటికి రిజిస్టరు దస్తావేజు లేదు. ఇంటివారి వద్ద నుండునది ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు. ఆ రసీదును పసుపు గుడ్డలో చుట్టి, నగలతోపాటు బీరువాలో దాచుకొను ఇల్లాండ్రను నేనెఱుగుదును. న్యాయస్థానములు మాత్రము పన్ను రసీదు స్వామ్యమునకు ఋజువు కాదనియు, కాపురమున కొక సాక్ష్యము మాత్రమే అనియు చెప్పుచున్నవి. ఇది మీరు గట్టిగా తెలిసికొనవలసిన మాట. రసీదున్నది కదా యని ఇల్లు మనదైపోదు; పన్ను హెచ్చు వేసిరని అర్జీ పెట్టినంత మాత్రమున ఇల్లు పోదు. కచేరివారు పన్ను వేయునది ఉన్న కట్టడమును చూచి. హక్కు విచారించుట వేరు పని.

పిన్నిగారికి ఇది నచ్చచెప్పుటకు రెండు దినములు పట్టినది. నా మాటకన్న మా వారి మాట నమ్మి, "మాష్టారు చెప్పిరి గనుక" అని ఒప్పుకొనిరి. నాకు కొంచెము కోపము వచ్చినమాట దాచను. మా వారు చెప్పినది నేను చెప్పినదే.

ఇక లెక్క. పురములలో ఇంటిపన్ను ఇంటి ధరనుబట్టి కాక, ఆ ఇల్లు అద్దెకిచ్చిన ఏటికెంత వచ్చునో ఆ అద్దె విలువనుబట్టి వేయుట మన తెలంగాణ పురములలో 1965 నాటి పురపాలక చట్టము నుండి వచ్చుచున్న పద్ధతి. 2019లో క్రొత్త చట్టము వచ్చినను అద్దె విలువ లెక్క పోలేదు. (ఆంధ్రప్రదేశములో 2021 నుండి ఇంటి మూలధనపు విలువనుబట్టి వేయుచున్నారు, అచటి చుట్టములు వేరు లెక్క చెప్పిన మీరు కంగారుపడవలదు.) ఊరిని కొన్ని మండలములుగా విభజించి, ఒక్కొక్క మండలములో చదరపు మీటరునకు నెలకింత అద్దె యని కట్టుదురు. ఆ అద్దె కప్పునుబట్టి మారును. సిమెంటు స్లాబునకు హెచ్చు, మంగుళూరు పెంకునకును రేకునకును తక్కువ, నాటుపెంకునకు ఇంకను తక్కువ, గుడిసెకు అన్నిటికంటె తక్కువ. వాడుకనుబట్టియు మారును, కాపురమున కొకటి, దుకాణమునకు దానికెన్నో రెట్లు. ఇంటి వయస్సు 25 ఏండ్ల లోపైన నూటికి 10, 40 లోపైన 20, ఆపైన 30 తగ్గింపు. ఇంటి యజమానియే కాపురమున్నచో వయస్సు తగ్గింపుతో కలిపి నూటికి 40 తగ్గింపు.

అంకెలు నేను కల్పించి ఒక ఉదాహరణము చెప్పెదను. మీ ఊరి రేట్లు వేరుగా నుండును. ఇల్లు 60 చదరపు మీటర్లు, మీటరునకు నెలకు 10 రూపాయలనుకొనుడు. నెలకు 600, ఏటికి 7,200. యజమాని కాపురమున్నదని 40 వంతులు తీసివేయగా 4,320. దానిపై నూటికి 20 పన్నైనచో 864 రూపాయలు. అదే యింటిలో అద్దెవారున్నారని వ్రాసి, పది వంతులే తగ్గించినచో పన్ను 1,296. అదే యిల్లు దుకాణమని వ్రాసి మీటరునకు 40 రూపాయలు కట్టినచో 5,184. గోడలవే, కప్పదే, లోపల పొయ్యియు నదే. కాగితముపై ఒక్క మాట మారుటచేత పన్ను ఆరు రెట్లాయెను. కనుక నోటీసులో మొత్తమును చూచి గుండె బాదుకొనుటకు ముందు, ఆ మొత్తమునకు మూలమైన నాలుగు మాటలను చూడవలయును: కొలత ఎంత, కప్పేది, వాడుకేది, ఉన్నదెవరు.

పిన్నిగారి నోటీసులో 91 చదరపు మీటర్లు, స్లాబు, అందులో ముందుభాగము దుకాణము అని యున్నది. మఱునాడు ఉదయము మేమిద్దరమును, మా పెద్దమ్మాయియు టేపు పట్టుకొని బయలుదేరితిమి. వీధిలోనివారు వింతగా చూచిరి. ముందు రెండు గదులు కలిపి 24 అడుగులకు 20. అనగా 480 చదరపు అడుగులు. వెనుక వంటసాల 20కి 10, 200 అడుగులు; దానికి సిమెంటు రేకులు గాని స్లాబు లేదు. 10.76 చదరపు అడుగులొక చదరపు మీటరు. ఎంత లెక్కించినను 91 మీటర్లు తేలలేదు. అప్పుడు అమ్మాయి, "అమ్మా, వాకిలి కూడ కొలిచిరేమో!" అన్నది. వెనుక తులసికోటయు గిన్నెలు తోముకొను బండయు నున్న ఆరుబయట స్థలము 20కి 15, 300 అడుగులు. కలిపితిమి. 980 అడుగులు, సరిగా 91 మీటర్లు! ఆకాశమే కప్పుగా గల వాకిలికి స్లాబు రేటు వేసిరి.

సంతోషించి లేవబోవుచుండగా స్నానాలగది కంటబడెను. 8కి 5, 40 అడుగులు. గోడ కట్టి, పైన రేకు వేసినది. అది నోటీసులో చేరలేదు. పిన్నిగారు నా ముఖము చూచిరి. "వారు వ్రాయనిది మనమెందుకు చెప్పవలయును?" అనిరి. నాకును ఒక్క నిమిషము అట్లే తోచినది. కాని 2019 చట్టము పన్ను వివరములు యజమానియే ధ్రువపరచి ఇయ్యవలెనని చెప్పి, అబద్ధము తేలినచో పన్నునకు 25 రెట్లు జరిమానా పెట్టినది. అంతియే కాక, మూడువందల అడుగుల తప్పు వారిదని చూపబోవుచు, నలుబది అడుగుల తప్పు మన చీరకొంగున కట్టుకొని పోవుట ఎట్లు? స్నానాలగదిని కూడ వ్రాసితిమి. 720 అడుగులు; 67 చదరపు మీటర్లు. పిన్నిగారు సణుగుచునే యుండిరి.

ఇంగ్లాండులో 1696 మొదలు 1851 వరకు ఇంటి కిటికీలు లెక్కించి పన్ను వేసెడివారట. జనులు ఇటుకలతో కిటికీలు మూసివేసి చీకటిలో కాపురముండిరి. ఆ మూసిన కిటికీల గుర్తులు నేటికిని పాతయిండ్ల గోడలపై కనబడునట. పిన్నిగారు మిషను అమ్మెదనన్నప్పుడు నాకా మూసిన కిటికీలే జ్ఞప్తికి వచ్చినవి.

అర్జీని అట్టహాసముగా వ్రాయరాదు. మొదట నేను చదివిన చదువంతయు చూపి, శాంతిపర్వమున భీష్ముడు పన్నుల విషయమై చెప్పినదంతయు ఉదహరించి నాలుగు పుటలు వ్రాసితిని. మా వారు చదివి, నవ్వు దాచుకొని, "కమీషనరుగారికి భీష్ముని కొలతలు కావలెనా, ఇంటి కొలతలా?" అనిరి. చింపివేసి ఇట్లు వ్రాసితిమి:

"అయ్యా, ఫలానా ఇంటి నంబరు, ఫలానా అసెస్‌మెంటు నంబరు గల ఇంటికి తమరు పంపిన నోటీసు ఫలానా తేదీన నాకు ముట్టినది. అందులో ఈ క్రింది విషయములు వాస్తవమునకు భిన్నముగా నున్నవి. ఒకటి, కొలతలో కప్పు లేని 300 చదరపు అడుగుల వాకిలి చేరినది. రెండు, వెనుక 200 అడుగుల వంటసాలకు సిమెంటు రేకులుండగా స్లాబని వ్రాయబడినది. మూడు, ముందుగది నేను నిద్రించు గది. అందు నా కుట్టుమిషను ఒకటి గలదు. వీధివైపు దుకాణపు తలుపు గాని, బోర్డు గాని, జీతగాండ్రు గాని లేరు. నాలుగు, ఇంటిలో నేనే కాపురమున్నాను, అద్దెవారు లేరు. నోటీసులో లేని 40 అడుగుల స్నానాలగది కూడ ఉన్నదని తెలియజేయుచున్నాను. తమరు వచ్చి కొలిచి సవరింప ప్రార్థన."

దీనికి చేతితో గీసిన ఇంటి పటము, ఫోటోలు నాలుగు, పాత రసీదులు మూడు, కరెంటు బిల్లు జతపరచితిమి. ఆ బిల్లు గృహవినియోగపు రేటున వచ్చుచున్నది; దుకాణము కాదనుట కదియే మంచి సాక్ష్యము. పన్ను ఇంకను స్వర్గస్థుడైన భర్త పేరనే యుండినది. మీలో ఎందరి యిండ్లు అట్లున్నవో! భర్త పోయిన పిమ్మట దుఃఖములో ఎవరికిని తోచదు. తోచునప్పటికి ఏండ్లు గడచును. మరణ ధ్రువపత్రము, వారసుల ధ్రువపత్రము పెట్టి పేరు మార్పునకు వేరుగా దరఖాస్తు చేసితిమి. రెండు పనులు ఒకే కాగితముపై వ్రాసిన రెండును ఆగిపోవును.

గడువు విషయము. నోటీసు ముట్టిన దినము మొదలు ఇన్ని దినములలో అర్జీ పెట్టవలెనని ఆ నోటీసులోనే ఉండును. అది దాటినచో ఎంత న్యాయమున్నను కాళ్లరిగిపోవును. కనుక నోటీసు వచ్చిన తేదీని దానిమీదనే వ్రాసికొనుడు. అర్జీ రెండు ప్రతులు తీసికొనిపోయి, ఒకటి ఇచ్చి, రెండవదానిపై ముద్రయు తేదీయు వేయించుకొనుడు. ఆ ముద్ర లేనిదే గుమ్మము దిగవలదు. అర్జీ పెట్టితిమి గదా యని పన్ను పూర్తిగా ఆపివేయుటయు మంచిది కాదు. బాకీపై నెలకు నూటికి 2 రూపాయల వడ్డీ పడును. పై యప్పీలునకు పోవువారు సాధారణముగా పన్ను ముందు చెల్లింపవలసియే యుండును. పిన్నిగారు తగవు లేని పాత మొత్తము చెల్లించి రసీదు తీసికొనిరి.

ముప్పది దినములు ఎవరును రాలేదు. రెండుమార్లు పోయితిమి. ఒకమారు సారు కొలతకు పోయెననిరి, ఒకమారు మీటింగులో నుండెననిరి. మూడవమారు ఒక గుమాస్తా, "అమ్మా, అందరును కట్టుచున్నారు, మీకే కష్టమా?" అనెను. పిన్నిగారు అంతవరకు నోరు మెదపనిది, "నాయనా, అందరి వాకిళ్లకును స్లాబున్నదేమో, మా వాకిటికి లేదు" అనిరి. నేను చేతిలోని గొడుగు జారవిడిచితిని.

సమాచారహక్కు చట్టము 2005లో వచ్చినది. 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, తన యింటి కొలత ఎవరు, ఎప్పుడు వేసిరో ఆ కాగితము నకలు అడుగవచ్చును. ముప్పది దినములలో ఇయ్యవలయును. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి రుసుము లేదు. అది పెట్టితిమి. సోమవారమునాడు కలెక్టరు కచేరిలో జరుగు ప్రజావాణిలో కూడ అర్జీ నకలొకటి ఇచ్చితిమి. ఈ రెంటిలో ఏది పనిచేసినదో చెప్పలేను గాని, పదిదినములలో ఒక యువకుడు టేపుతో వచ్చి, చెప్పులు బయటవిడిచి, మర్యాదగా కొలిచెను. పిన్నిగారు మజ్జిగ ఇచ్చిరి. స్నానాలగది తామే చెప్పుకొన్నారని చూచి అతడు నవ్వి, మిగిలిన కొలతలు మా పటముతో సరిచూచుకొని, మఱి మాటలాడక వ్రాసికొని పోయెను. అప్పుడు మాత్రము పిన్నిగారు నా వైపు తిరిగి తల యూపిరి.

వైశాఖములో ఫైసలా వచ్చెను. వాకిలి తీసివేసిరి. దుకాణము కొట్టివేసిరి. యజమాని కాపురమునకు తగ్గింపు ఇచ్చిరి. వంటసాలను మాత్రము స్లాబుగానే యుంచిరి. రేకుల ఫోటో చూపినను ఎందుకట్లు చేసిరో కాగితములో కారణము లేదు. పన్ను 1,486 రూపాయలకు దిగెను.

నా వద్దకు వచ్చిన మఱికొందరి సంగతులనుబట్టి రెండు మూడు మాటలు చెప్పవలసియున్నవి. భద్రాచలము వంటి పెద్ద ఊరును పురపాలక సంఘము కాదు, గ్రామపంచాయతీయే. రాజ్యాంగములోని పురపాలక భాగము షెడ్యూల్డు ప్రాంతములకు, పార్లమెంటు వేరుగా శాసనము చేసినగాని, వర్తింపదు. అట్టి ఊళ్లలో ఇంటిపన్ను 2018 నాటి పంచాయతీరాజు చట్టము క్రింద పడును. అర్జీ పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, ఆపై జిల్లా పంచాయతీ అధికారి వద్దకు పోవలయును. 2020లో ఊరూర ఇండ్లన్నియు కొలిచి కంప్యూటరులో నెక్కించిరి. ఆ తొందరలో పడిన తప్పులు నేటికిని రసీదులలో వచ్చుచున్నవి. ఒక కోయ ఇల్లాలు తెచ్చిన రసీదులో రెండంతస్తుల ఇల్లని యున్నది. ఆమెది మట్టిగోడల పెంకుటిల్లు. పై అంతస్తు ఎక్కడ ఉన్నదో చూచుటకు నేను రావలెనని ఆమె నవ్వుచు పిలిచినది.

పురములలో 75 చదరపు గజముల లోపు స్థలములో కట్టుకొన్న చిన్న కాపురపుటింటికి ఏటికి 100 రూపాయలే పన్నని 2019 చట్టము చెప్పుచున్నది. పేటలలో నున్న బీదస్త్రీలకు ఇది తెలియదు. మీ యింటికి పనికి వచ్చు ఆమెను, ఆమె ఇంటిస్థలమెంతో ఒకమారు అడిగిచూడుడు.

గోదావరి ఒడ్డువారి మాటయు నొకటి. 1986లో భద్రాచలము వద్ద నీరు 75.6 అడుగులకు వచ్చెను. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చెను. నీట నాని గోడ పడిపోయిన ఇంటికిని వెనుకటి పన్నే వచ్చుచుండును, ఎవరును చెప్పనిచో కాగితములో ఇల్లు ఎప్పటికిని పడిపోదు గనుక. వరద తీసిన వెంటనే, బురద కడుగకముందే, ఫోటో తీసి ఉంచుకొనుట మేలు. ఆ దినములలో పన్ను సంగతి ఎవరికి గుర్తుండును, పిల్లలకు పాలు దొరుకుటయే గగనము, అందురు; నిజమే. అయినను ఇప్పటి కాలపు చేతిఫోను అందరి వద్దను ఉండనే యున్నది.

కొన్ని సంవత్సరములుగా పురములలో ఏప్రిల్ 30 లోపల సంవత్సరపు పన్నంతయు చెల్లించినవారికి నూటికి 5 తగ్గించుచున్నారు. మా తగవు వైశాఖము వరకు సాగుటచేత పిన్నిగారికి అది దక్కలేదు. దానికి ఆమె ఇంకను బాధపడుచున్నారు. మూడువేల తొమ్మిదివందలు తప్పినదానికన్న ఈ డెబ్బది రూపాయలు పోయినందుకే ఎక్కువ.

వంటసాల రేకుల విషయమై పై యప్పీలు వ్రాయుచున్నాము. కుమారునకు పిన్నిగారు తామే ఉత్తరము వ్రాయించిరి, నా చేతనే: ఇల్లు అమ్మదలచుకొనలేదనియు, దసరాకు కోడలిని పిల్లలను తీసికొని రావలసినదనియు, వచ్చునప్పుడు మిషనుకు ఒక క్రొత్త బెల్టు తేవలసినదనియు.